భిక్షుశబ్దార్థము – ఫ్రాన్సిస్కను యతులు – ప్రాచీన సాహిత్యదృష్టి

1. ఉపక్రమము

కొన్ని సంవత్సరములకు పూర్వము అరకులోయలో కొంతకాలము నివసించి, అచ్చటి యువకులు కొందఱకు సంస్కృత నాటకములను పాఠము చెప్పు అవకాశము నాకు లభించినది. తూర్పుకనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న ఆ లోయలో సంతనాడు ఒక దృశ్యము చూచితిని. కావిగుడ్డ కట్టిన బైరాగి యొకడు చింతపండు గంపల నడుమ నిలిచి చేయి చాచినాడు. ఒక వృద్ధురాలు అతని కులగోత్రము లడుగక, ముఖమైనను సరిగా చూడక, మూటలోనుండి దోసెడు చోళ్లు తీసి అతని జోలెలో పోసినది. బైరాగి ముందునకు సాగెను. ఆమె తన బేరము తాను చూచుకొనెను.

మఱునాడు మత్తవిలాస ప్రహసనము పాఠమైనది. అందలి శాక్యభిక్షువు మాటలకు విద్యార్థులందఱును నవ్విరి. కొండజాతికి చెందిన ఒక విద్యార్థి మాత్రము నవ్వలేదు. పాఠము ముగిసిన తరువాత నా చెంతకు వచ్చి, "అయ్యా! ఈ ప్రహసనములలో చెప్పినదే నిజమైనచో, వచ్చిన ప్రతి బైరాగికిని చోళ్లు పెట్టిన మా నాయనమ్మ జీవితమంతయు మోసపోయినదేనా?" అని అడిగెను. తత్క్షణమే సమాధానము తోచలేదు. నేనును బాల్యమున పాఠశాలలో వారములు చేసికొని, మధూకరమెత్తి చదివినవాడనే. నాకు పెట్టిన తల్లులు మోసపోయిరా, లేదా అన్నది ఆ ప్రశ్నలో నిమిడియున్నది.

అదే కాలమున ఆ విద్యార్థులే మఱియొక సందేహమును తెచ్చిరి. ఆంగ్లసాహిత్య పాఠ్యగ్రంథములలో ఫ్రాన్సిస్కను యతి యొకచోట సజ్జనుడుగను, వేఱొకచోట వంచకుడుగను కనబడుచున్నాడు. ఇందేది నమ్మదగినది అని. రెండు ప్రశ్నలకును మూలమొక్కటే యని నాకు తోచినది. ప్రాచీన సాహిత్యము భిక్షువును ఎట్లు చూచినది, ఆ చూపు ఎంతవఱకు ప్రమాణము అను విషయము ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

2. శబ్దనిర్వచనము

మొదట శబ్దమును చూతము. భిక్ష ధాతువునకు ధాతుపాఠమునందు యాచన, అలాభము, లాభము అని మూడర్థములు చెప్పబడినవి. అడుగుట, దొరకకపోవుట, దొరకుట – మూడును ఒక్క ధాతువునందే యిమిడియున్నవి. యాచించినవానికి లాభమొక్కటే ఫలము కాదు. అలాభమును ఆ క్రియలో భాగమే యని దీనివలన గ్రహింపనగును.

ఈ ధాతువునకు ఉ-ప్రత్యయము చేరి భిక్షుశబ్ద మేర్పడుచున్నది (3-2-168). ఈ ప్రత్యయము తచ్ఛీల, తద్ధర్మ, తత్సాధుకారి అను మూడర్థములయందు వచ్చునని పాణిని అధికారసూత్రము (3-2-134) చెప్పుచున్నది. అనగా యాచన స్వభావముగా గలవాడు, యాచన ధర్మముగా గలవాడు, యాచనమును నేర్పుగా చేయువాడు – మువ్వురును భిక్షువులే. వ్యాకరణమున ఈ మూడును సమానములు, జీవితమున కావు. మొదటివానికి యాచన శీలము, రెండవవానికి వ్రతము, మూడవవానికి విద్య. పై వేషము మాత్రము మువ్వురికిని ఒక్కటియే. లోకముయొక్క సందేహమునకును, కవుల పరిహాసమునకును బీజము ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

పాణిని మఱియొక సూత్రమున (4-3-110) పారాశర్యుడు ప్రవచించిన భిక్షుసూత్రములను, శిలాలి ప్రవచించిన నటసూత్రములను ఒక్కచోట చేర్చి ప్రత్యయవిధానము చేసినాడు. ఆ సూత్రములను చదువు భిక్షువులు పారాశరిణులు, నటులు శైలాలినులు. వ్యాకరణకార్యముకొఱకు జరిగిన కూర్పే యైనను, భిక్షువును నటుడును పక్కపక్కన నిలుచుట ఆలోచింపదగినది. ఇరువురును వేషముతో జీవించువారే. నటుని వేషము కల్పితమని ప్రేక్షకు డెఱుగును. భిక్షువు వేషము సత్యమని గృహస్థు నమ్మును. ఆ నమ్మకము చెడినచోట ప్రహసనము పుట్టును.

3. ఫ్రాన్సిస్కను సంఘము

ఇటలీ దేశమున ఉంబ్రియా ప్రాంతపు అసీసీ నగరమున వస్త్రవర్తకుడైన పియెట్రో బెర్నార్దోనె కుమారుడు ఫ్రాన్సిస్. 1181 లేక 1182లో జన్మించి, 1226లో దివంగతుడైనాడు. తండ్రి తన ధనమును తిరిగి యిమ్మని బిషప్పు ఎదుట నిలదీయగా, కట్టిన వస్త్రములను సైతము విడిచి తండ్రికిచ్చినాడు. సన్న్యాసస్వీకారమున పుత్రైషణ, విత్తైషణ, లోకైషణలను వదలుట మన సంప్రదాయమున ప్రసిద్ధము. అసీసీ నగరవీథిలో జరిగినదియు ప్రాయశః అట్టిదే.

అతనిని అనుసరించినవారు తమ్ము తాము "చిన్న సోదరులు" అని పిలుచుకొనిరి. మూడవ హొనోరియస్ పోపు 1223లో వారి నియమావళిని ఆమోదించెను. ద్రవ్యమును స్వయముగా గాని, ఇతరులద్వారా గాని స్వీకరింపరాదని అందలి కఠిననియమము. ముదుక వస్త్రము, నడుమునకు ముడులు వేసిన త్రాడు వారి చిహ్నములు. పని చేసి జీవింపవలెను. చాలనప్పుడు సిగ్గుపడక భిక్షాటనము చేయవలెను.

ఇచ్చట అధ్యాపకులు గమనింపదగిన ఒక భ్రాంతిని సూచించుచున్నాను. మన ఉత్తరాంధ్రమున ఫ్రాన్సిస్ అను పేరు వినబడినంతనే అందఱును ఒక్కరే యని తలచుట కలదు. గోవా నగరమున దేహము భద్రపఱుపబడియున్న ఫ్రాన్సిస్ జేవియర్ (1506–1552) జెస్యూటు సంఘమువాడు. 1846లో విశాఖపట్టణ ప్రాంతమునకు వచ్చి, కనుమల ఆవలి కొండప్రాంతములలోను పనిచేసిన ఫ్రెంచి మిషనరీలు ఫ్రాన్సిస్ ద సాల్ (1567–1622) పేరిట వెలసిన సంఘమువారు. వారు భిక్షాటనవ్రతులు కారు. అసీసీ ఫ్రాన్సిస్ అనుయాయులు వీరిరువురికంటెను భిన్నులు. ఈ భేద మెఱుగనిదే ప్రాచీనగ్రంథములలోని ఫ్రాన్సిస్కను ప్రస్తావములు అర్థము కావు.

4. అలాభపరీక్ష

భిక్షువునకు నిజమైన పరీక్ష లాభమున కాదు, అలాభమున. ఇండ్లలో పొగ ఆగి, రోకటిచప్పుడు అణగి, అందఱును భుజించిన పిమ్మటనే యతి భిక్షకు వెడలవలెననియు, దొరకనిచో ఖేదపడరాదు, దొరకినచో సంతోషింపరాదనియు మనుస్మృతి ఆఱవ అధ్యాయము విధించుచున్నది. గృహస్థుని భోజనమునకు అడ్డు రాక, మిగిలినదానిని మాత్రమే గ్రహించుట ఈ విధియొక్క తాత్పర్యము.

ఈ పరీక్షలో ఓడినవాని కథను శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున తెలుగువారికి చెప్పినాడు. కాశీనగరమున శిష్యులతో భిక్షాటనము చేసిన వ్యాసునకు భిక్ష లభింపలేదు. ఆకటికి తాళలేక, ఆ నగరవాసులకు మూడు తరములవఱకు విద్యయు ధనమును మోక్షమును లేకుండుగాక యని శపింపనుద్యమించినాడు. జగన్మాత పెద్దముత్తైదువ రూపమున వచ్చి మందలించి, అన్నము పెట్టినది. పిదప విశ్వేశ్వరు డతనిని కాశినుండి వెడలగొట్టెను. అతడు దక్షారామమునకు చేరెను. పరాశరపుత్రుడగు వ్యాసుడే పాణిని చెప్పిన భిక్షుసూత్రకారుడని సంప్రదాయజ్ఞులు సమన్వయింతురు. దీనిని అంగీకరించినచో, భిక్షువులకు సూత్రములు చెప్పినవాడే భిక్షలేని దినమున తప్పిపోయెనని కథాతాత్పర్యము. సూత్రము రచించుట వేఱు, ఆకలిగొన్నప్పుడు ఆచరించుట వేఱు.

ఫ్రాన్సిస్ గుఱించి ఆ సంఘమువారు చెప్పుకొను కథలలో ప్రసిద్ధమైన దొకటి ఇదే పరీక్షను చూపుచున్నది. చలికాలపు రాత్రి తడిసి, వణకుచు తమ మఠమునకే చేరగా, ద్వారపాలకుడు గుర్తింపక కసరి వెడలగొట్టిననాడు మనస్సు చలింపకున్నచో అదియే సంపూర్ణానందమని ఫ్రాన్సిస్ సోదరుడు లియోకు బోధించినాడట. లోకమంతయు శిష్యులైనను, అద్భుతములు చేసినను అది ఆనందము కాదట. వ్యాసుని కథ స్ఖలనముద్వారా చెప్పినదానిని, ఈ కథ సిద్ధిద్వారా చెప్పుచున్నది. రెండింటి హృదయమును ఒక్కటియే: అలాభమును భిక్షలో భాగముగా గ్రహించినవాడే భిక్షువు.

5. పరిహాసము

ఇక పరిహాసమునకు వత్తము. క్రీ.శ. ఏడవ శతాబ్ది ప్రథమపాదమున కాంచీపురము నేలిన మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసమున నాగసేనుడను శాక్యభిక్షువు కలడు. మధుపానమును, స్త్రీసంగమును బుద్ధుడు అనుమతించియే యుండుననియు, ముసలి స్థవిరులు అసూయచే ఆ భాగమును దాచిరనియు అతని ఊహ. భగవదజ్జుకమున శాండిల్యుడను శిష్యుడు ఆకలి తీరునని బౌద్ధుడై, వారు ఒక్కపూటయే భుజింతురని తెలిసి పారిపోయి పరివ్రాజకుని ఆశ్రయించినాడు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమున క్షపణకుడు, భిక్షువు, కాపాలికుడు ఒకరిని మించి ఒకరు హాస్యాస్పదులగుదురు. దీనిని నంది మల్లయ, ఘంట సింగన జంటకవులు తెనిగించుటచే ఈ చూపు తెలుగు కావ్యములోనికిని వచ్చినది. వేషధారణమును వేమన నిరసించిన తీరు సర్వవిదితము. కనుమలకు దిగువనున్న విజయనగరమున వెలసిన కన్యాశుల్కమునందును గురజాడ బైరాగిని మద్యగోష్ఠిలో కూర్చుండబెట్టినాడు.

పశ్చిమమునను ఇట్లే. పదునాల్గవ శతాబ్ది చివర ఆంగ్లకవి చాసర్ తన కాంటర్బరీ కథలలో హ్యూబర్డు అను యాచకయతిని చిత్రించెను. చెప్పులైన లేని వితంతువునుండియు నాణెమును రాబట్టగల నేర్పరి అతడు. కుష్ఠరోగులకంటె పానశాలల యజమానులే అతనికి పరిచితులు. అతడు ఏ సంఘమువాడో చాసర్ చెప్పలేదు. అందుచే అతనిని ఫ్రాన్సిస్కనుడని నిశ్చయించుట తగదు. ఐనను కుష్ఠరోగిని కౌగిలించుకొనుటయే ఫ్రాన్సిస్ జీవితమున మలుపు అని ఎఱిగినవారికి ఆ పరిహాసపు పదును తెలియును. వ్యాకరణపరిభాషలో చెప్పినచో హ్యూబర్డు తచ్ఛీలుడు కాడు, తద్ధర్ముడు కాడు, కేవలము తత్సాధుకారి.

ఇటలీకవి బొకాచియో 1350 ప్రాంతమున రచించిన డెకామెరాన్ మొదటిదినపు ఆఱవ కథలో నిస్సంశయముగా ఫ్రాన్సిస్కనుడే కలడు. మతవిచారణాధికారియైన ఆ యతి, మద్యము గుఱించి పలికిన ఒక చమత్కారమునకు ధనికుని భయపెట్టి ధనము లాగినాడు. ఆ ధనికుడు ఒకనాడు ఒకటి యిచ్చినవానికి పరలోకమున నూఱు లభించునను వాక్యము విని, యతితో ఇట్లనెను: తమరు భోజనానంతరము మిగిలిన చారునీళ్లను గంగాళములతో బీదలకు పోయుచున్నారు, ఒక్కటికి నూఱుచొప్పున తిరిగి వచ్చినచో తమరందఱును అందులో మునిగిపోరా అని. అడుగుకొనువాడు పెట్టువాడుగా మాఱినప్పుడు అతని దానమెట్టిదో ఈ కథ చూపుచున్నది.

ఇట్టి చిత్రణములను చరిత్రసాక్ష్యములుగా గ్రహింపవచ్చునా? నాట్యశాస్త్రమును, దశరూపకమును చూచినవారు తొందరపడరు. ప్రహసనమునకు తాపస, పాషండాదులు పాత్రలుగా నుండవలెననుట లక్షణమే. భిక్షువు నవ్వు పుట్టించుట ఆ రూపకభేదమున విహితము. నాయకుడు ధీరోదాత్తుడగుటచే రాజులందఱును ధీరోదాత్తులని నమ్మము కదా. ప్రహసనమున భిక్షువు భ్రష్టుడగుటచే భిక్షువులందఱును భ్రష్టులని నమ్ముటయు అట్టిదే. పశ్చిమమున సైతము ఒక్కొక్క వృత్తివారి దోషములను వరుసగా ఎంచు కావ్యసంప్రదాయము చాసర్‌కు పూర్వమే కలదు. ఐనను లక్షణమని కొట్టివేయుటయు తగదు. లోకమున ఏ కొంచెమును లేనిదానికి ప్రేక్షకుడు నవ్వడు. ప్రహసనము ఫలానా భిక్షువు దోషమునకు సాక్ష్యము కాదు. భిక్షువునుండి లోక మాశించినదేమో దానికి సాక్ష్యము.

6. స్వపక్షదూషణము

ఈ పరిహాసములలో పరపక్షద్వేష మెంత, ఆదర్శప్రీతి యెంత? దీనిని తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. కవి తన పక్షమువారిని కూడ నవ్వెనా అని చూడవలెను. మహేంద్రవర్మ శైవుడు. మత్తవిలాసమున అందఱికంటె ఎక్కువగా నవ్వులపాలైనవాడు కపాలము పోగొట్టుకొన్న శైవకాపాలికుడే. ఆ కపాలమును ఎత్తుకొనిపోయినది కుక్క. భిక్షువుపై మోపిన దొంగతనము అసత్యమని నాటకాంతమున తేలుచున్నది. ఈ చివరి అంశమును పాఠము చెప్పునప్పుడు మనము తఱచు విడిచిపెట్టుదుము.

దాంతే దివ్యప్రహసనమున పరలోకఖండపు పదునొకండవ సర్గలో ఫ్రాన్సిస్ స్తుతి కలదు. దారిద్ర్యమును ఫ్రాన్సిస్ వధువుగా వరించెనని అందలి రూపణము. ఆ స్తుతి పలికినవాడు ఫ్రాన్సిస్కనుడు కాడు. డొమినికను సంఘమునకు చెందిన థామస్ అక్వైనాసు. స్తుతి ముగించి అతడు తన సంఘపు పతనమునకు దుఃఖించినాడు. తరువాతి సర్గలో ఫ్రాన్సిస్కనుడగు బొనవెంచురా డొమినిక్‌ను స్తుతించి, తన సంఘపు పతనమునకు దుఃఖించినాడు. పరుని స్తుతించుట, తన వారిని నిందించుట – విమర్శకు ఇంతకంటె ఉత్తమమైన మర్యాద నే నెఱుగను.

7. సహాయకుడైన భిక్షువు

భిక్షువును సజ్జనుడుగా చూపిన కవులు తక్కువవారు కారు. మృచ్ఛకటికమున జూదమున ఓడిన సంవాహకుడు విరక్తుడై భిక్షువగును. శ్రమణకుని దర్శనమే అశుభమని చారుదత్తుడంతటి సజ్జనుడు తలచిన లోకమది. అట్టి భిక్షువే శకారునిచేత చచ్చినదని విడువబడిన వసంతసేనను బ్రతికించి, కథను మంగళాంతము చేసినాడు. శూద్రకుడు లోకపు నమ్మకమును చెప్పియే, దానిని కథాగతితో ఖండించినాడు.

భవభూతి మాలతీమాధవమున బౌద్ధపరివ్రాజిక కామందకి, తండ్రి రాజాజ్ఞకు లోబడి తగని వరునికి ఈయనుండిన కన్యను, ఆమె మెచ్చిన వరునితో కూర్చినది. షేక్స్పియర్ రోమియో జూలియట్ నాటకమున ఫ్రాన్సిస్కను యతి లారెన్సు కార్యమును ఇంచుమించు ఇదియే. పరస్పరవైరము గల రెండు కుటుంబములను కలుపవలెనని అతడు రహస్యవివాహము చేయించినాడు. కామందకి ఉపాయము ఫలించినది. లారెన్సు పంపిన లేఖ, దానిని తీసికొనిపోవు సోదరయతి మహమ్మారి భయముచే ఒక ఇంట నిర్బంధింపబడుటచే చేరక, కథ విషాదాంతమైనది. ఇరువురికిని ద్వారములు తెఱచుకొనుటకు కారణము వారి వేషమే. ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీ 1538 ప్రాంతమున యాచకయతుల మఠములను మూయించినాడు. మఠములు మూతపడిన అర్ధశతాబ్దికి పిమ్మట, ఆ యతులకు మొగము చూపని దేశమున, నాటకకవి ఒకనిని సానుభూతితో రంగముపై నిలిపినాడు.

అన్ని ద్వారములును తెఱచుకొను వేషము రాజనీతికిని ఉపయోగించినది. కౌటిల్యుడు చారులలో ఉదాస్థితుని, తాపసుని, భిక్షుకిని పేర్కొనెను. ముద్రారాక్షసమున క్షపణకుడు జీవసిద్ధి చాణక్యుని చారుడు. ఫ్రాన్సిస్కనులు మన దేశచరిత్రలో ప్రవేశించినది ప్రాయికముగా దూతలుగనే యనుట ఈ సందర్భమున స్మరింపదగినది.

8. తెలుగు రాజుల యెదుట ఫ్రాన్సిస్కనులు

ఫ్రాన్సిస్కనుడైన జాన్ మోంటెకోర్వినో చీనాకు పోవుచు 1291–92లో చోళమండలతీరమున పదమూడు నెలలు నిలిచినాడు. 1500లో కబ్రాల్ నౌకలతో ఆ సంఘమువారు పడమటితీరమునకు వచ్చిరి. 1510లో పోర్చుగీసు అధిపతి ఆల్బుకెర్కు, లూయిస్ అను ఫ్రాన్సిస్కనుని విజయనగరమునకు శ్రీకృష్ణదేవరాయల కడకు దూతగా పంపెను. రాయలు పట్టమునకు వచ్చి అప్పటికి సంవత్సరమే. ఆ యతి ఆ నగరముననే హత్యకు గురియైనాడు.

రాయల సభలో ఆ యతిని ఎట్లు చూచిరో తెలుగు కావ్యము చెప్పదు. కాని భిక్షువులను రాజు ఎట్లు చూడవలెనో రాయలే ఆముక్తమాల్యద రాజనీతిభాగమున చెప్పినాడు. భక్తి గలదని భిక్షువులకు, జటాధారులకు ఊళ్లును ధనమును ఈయరాదు; ఇచ్చినచో వారు తమ నియమమునుండి తప్పుదురు; దానివలన దేశమునకు కఱవులు, రోగములు, శిశుమరణములు కలుగును; వారియెడ భక్తి చూపుటయే చాలును అని ఆ పద్యముయొక్క భావము. లూయిస్ రాకకును ఈ పద్యమునకును సంబంధము కల్పించుట యుక్తము కాదు. ఐనను ఫ్రాన్సిస్కను సంఘమును నూఱేండ్లకు పైగా కలచివైచిన వివాదము సరిగా ఇదియే.

ఆ వివాదమును మన ధర్మశాస్త్రపరిభాషలో ఇట్లు చెప్పవచ్చును. దానమనగా దాత తన స్వత్వమును వదలి పరుని స్వత్వమును కలిగించుట. భిక్షువునకు స్వత్వమే లేదన్నచో ఇచ్చిన వస్తువు ఎవరిది? సంఘమున కిచ్చిన వస్తువులపై స్వత్వము పోపుది, ఉపయోగము మాత్రమే యతులది అని 1245లో నాలుగవ ఇన్నొసెంట్ నిర్ణయించెను. భుజించు అన్నము ఉపయోగముతోనే నశించును. అట్టి వస్తువునందు స్వత్వమును ఉపయోగమును వేఱుచేయుట యెట్లు అని ఇరువదిరెండవ జాన్ 1322లో ఆక్షేపించి, ఆ స్వత్వమును త్యజించినాడు. క్రీస్తును, అతని శిష్యులును ఏమియు కలిగియుండలేదని పట్టుపట్టి పలుకుట మతవిరుద్ధమని 1323లో శాసించినాడు. దారిద్ర్యవ్రతమును నిలుపుకొనుటకు కొందఱు యతులు కారాగృహమును, మరణమును సైతము అంగీకరించిరి. భిక్షువునకు ఆస్తి యుండుట అతనికి రక్షయా, పతనమా అను ఈ ప్రశ్నకు రాయలు ఒక్క పద్యమున సమాధానము చెప్పినాడు.

ఫ్రాన్సిస్కను శాఖలలో 1528లో పోపు ఆమోదము పొందిన కపుచిన్ శాఖ యొకటి. ఆ శాఖకు చెందిన ఫ్రెంచి యతి ఎఫ్రేం ద నెవేర్ గోలకొండ మీదుగా వచ్చి 1642లో మద్రాసున స్థిరపడినాడు. గణితమునందు అతనికి గల పాండిత్యముచే గోలకొండ రాజబంధువులు అతనిని అచ్చటనే నిలుపజూచిరని యాత్రికుడు టావెర్నియే వ్రాసియున్నాడు. 1649లో ఎఫ్రేమును శాంథోమున పట్టుకొని గోవా మతవిచారణసభకు అప్పగించిరి. అతనిని విడువనిచో శాంథోము దక్కదని గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా హెచ్చరించెననియు టావెర్నియే చెప్పుచున్నాడు. ఎఫ్రేం విడుదలై మద్రాసునకు తిరిగి వచ్చెను. తన మతమువారు బంధించిన యాచకయతిని పరమతరాజు విడిపింపబూనిన ఈ వృత్తాంతమును, యాత్రికుని కథనమే గనుక కొంత తగ్గించి గ్రహించినను, విస్మరింపరాదు.

9. దాత

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు తిరిగి వత్తము. పై సాహిత్యమంతయు భిక్షువునే పరీక్షించినది. తచ్ఛీలుని పూజించినది, తద్ధర్ముని సహించినది, తత్సాధుకారిని నవ్వినది. భిక్ష పెట్టినవారు మాత్రము నేపథ్యమున నిలిచిపోయిరి. చాసర్ చెప్పిన చెప్పులులేని వితంతువునకు పేరు లేదు. కాశిలో అన్నము పెట్టిన ముత్తైదువ జగన్మాతయని తెలిసినందుననే ఆమె కథకెక్కినది. వానకాలమున టెంకాయపీచు రాజవైచి వైష్ణవులకు వండిపెట్టిన విష్ణుచిత్తుని వర్ణించిన రాయలు ఇందుకు అపవాదము.

పెరియపురాణమున మెయ్‌ప్పొరుళ్ అను రాజు కలడు. శత్రువు శివభక్తవేషమున వచ్చి కత్తితో పొడిచినను, ఆ వేషమును గౌరవించి అతనిని క్షేమముగా పొలిమేర దాటింపుమని ఆజ్ఞాపించి మరణించినాడు. అతడు మోసపోయినాడా? శత్రువు మోసగించినాడనుట సత్యము. రాజు నమస్కరించినది ఆ మనుష్యునకు కాదు, వ్రతమునకు. వ్రతము మోసగింపలేదు. మోసగించుట యొకని క్రియ. మోసపోవుట మఱియొకని క్రియ. మొదటిది జరిగినంతమాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

ఇందొక ఆక్షేపము రాగలదు: ఇట్లైనచో వంచకులను నిందింపనేల యని. నిందింపవలసినదే. వేషము విలువ లేనిదైనచో దానిని అపహరించువా డుండడు. కల్లనాణెము చెల్లుచున్నదనగా నిజనాణె మొకటి యున్నదనియే. ప్రహసనకారుడు కల్లనాణెమును పట్టి చూపువాడు, నిజనాణెమును కాపాడువాడు. అందుచే మహేంద్రవర్మ నవ్వునకును, సంతలోని వృద్ధురాలి దోసెడు చోళ్లకును విరోధము లేదు. ఆమె వ్రతమునకు పెట్టినది. అతడు వ్రతభంగమును నవ్వినాడు. ఇరువురును ఒకే వ్రతమును గౌరవించినవారు.

10. ఉపసంహారము

అధ్యాపకమిత్రులకు నా మనవి యింతియే. ప్రహసనములను పాఠము చెప్పునప్పుడు మూడు విషయములను విద్యార్థికి తెలుపుదము: ఆ పాత్ర లక్షణవిహితమని, కవి తనవారినికూడ నవ్వెనని, అదే సాహిత్యమున సంవాహకుడును కామందకియు కలరని. ఫ్రాన్సిస్కను యతుల విషయమునను ఇంతియే. హ్యూబర్డును మాత్రము చదివినవాడు సగము చదివినవాడు. దాంతేను మాత్రము చదివినవాడును సగము చదివినవాడే.

అరకునుండి కనుమలు దిగి అనకాపల్లి చేరువకు పోయినచో శంకరము గ్రామమున బొజ్జన్నకొండపై శిథిలములైన బౌద్ధస్తూపములును, విహారమును కనబడును. సంఘారామశబ్దమే శంకరమైనదని పెద్దలందురు. అచ్చటి భిక్షువులు దిగువ పల్లెలలో పాత్ర చాచి ఎన్ని శతాబ్దములో జీవించిరి. వారిలో నాగసేనులు కొందఱు, సంవాహకులు కొందఱు ఉండియుందురు. వారి పాత్రలలో అన్నము పెట్టిన చేతులు ఏ శిలపైనను చెక్కబడలేదు. ఆ అన్నమువలననే ఆ శిలలు నిలిచినవి.

విద్యార్థికి నే నప్పుడు చెప్పలేకపోయిన మాట ఇది: మీ నాయనమ్మ మోసపోలేదు. ఆమె పెట్టిన చోళ్లలో కొన్ని వంచకుల జోలెలో పడియుండవచ్చును. వారాలబ్బాయిగా నా విస్తరిలో పడిన అన్నమునకు నేను తగినవాడనో కాదో, పెట్టిన తల్లు లెన్నడు నడుగలేదు. తగినవాడ నగుట నా పని యని వారు నాకు విడిచిపెట్టిరి. ఆ ఋణము ఈ వయస్సునను తీరలేదు.